ముంగిలికి అందం - ఇంటిల్లిపాదికి ఆరోగ్యం

రోగి ఇంటికి వెళ్ళినప్పుడు నాడి చూడకముందే నేను ముంగిలి చూస్తాను. నలభై ఏళ్ళ వైద్యవృత్తిలో అబ్బిన అలవాటిది. గేటు తీసినది మొదలు గడప దాటేవరకు ఉన్న ఆ ఇరవై ముప్పై అడుగుల నేల ఆ ఇంటివారి దినచర్యను గురించి ఎన్నో సంగతులు చెబుతుంది. పూలకుండీ కింది పళ్ళెంలో నీరు నిలిచి ఉంటే, ఆ వీధిలో జ్వరాలు ఎందుకు తగ్గడం లేదో కొంతవరకు ఊహించవచ్చును. మెట్ల పక్క గోడమీద ఒకేచోట సున్నం అరిగి నున్నగా మెరుస్తూ ఉంటే, రోజూ అక్కడ చేయి ఆనించి ఎక్కే మోకాళ్ళ నొప్పులవారు లోపల ఒకరున్నారని అర్థం.

కొత్తగా ఇల్లు కట్టుకొన్నవారు, పాత ఇంటిని బాగు చేయించుకొంటున్నవారు నన్ను తరచుగా ఒక ప్రశ్న అడుగుతారు. "ఇంటి ముందు భాగం చూడముచ్చటగా ఉండాలి, ఆరోగ్యానికీ మంచిది కావాలి, ఏమేమి మొక్కలు వేసుకోమంటారండీ?" అని. మొక్కల పేర్లు చెప్పడం తేలికే. అయితే మొక్కల కంటే ముందుగా చెప్పవలసిన సంగతి మరొకటి ఉన్నది. అది నేను గ్రంథాలలో చదివి తెలుసుకొన్నది కాదు, మా ఇంట్లో నేనే చేసిన ఒక పొరపాటు వలన తెలిసినది.

పెళ్ళికి ముస్తాబైన వాకిలి

గుంటూరులో మా ఇల్లు మా తండ్రిగారు కట్టించినది. ముందు మట్టి వాకిలి, మధ్యలో తులసికోట, ఒక పక్కన నందివర్ధనం చెట్టు, మరొక పక్కన గోరింట కంచె, వసారాలోకి ఎక్కడానికి మూడు నాపరాతి మెట్లు ఉండేవి. 2013 మే నెలలో మా అమ్మాయి పెళ్ళి. మగపెళ్ళివారు వచ్చేసరికి ఇంటి ముందు భాగం కళకళలాడాలని నేనే పట్టుపట్టాను. పని ఒప్పుకొన్న మేస్త్రి మట్టి వాకిలి మొత్తానికి సిమెంటు పరిచి, దానిమీద నున్నని పలకలు అతికించాడు. తులసికోటను గోడ మూలకు జరిపాడు. నందివర్ధనం ఆకులు రాల్చి పలకలను పాడు చేస్తుందని కొట్టించివేశాము. గోరింట కంచెను తీసి అదే చోట పసుపుపచ్చ ఆకుల డ్యురాంటా నాటాము. గేటుకు అటూ ఇటూ పచ్చగన్నేరు, తలుపు పక్కన పెద్ద పెద్ద తెల్లమచ్చల ఆకుల డైఫెన్‌బేకియా కుండీలు వచ్చాయి.

మూడు మెట్లనూ రెండు చేశాడు. వాకిలి విశాలంగా కనిపిస్తుందన్నాడు. ఒక్కొక్క మెట్టు ఆరు అంగుళాలుండేది తొమ్మిది అంగుళాలైంది. వాటిమీద చీమకుర్తి నల్లరాయి వేయించాము. నక్షత్రాలు పొదిగినట్లు మెరిసే ఆ రాయి ప్రపంచమంతటా పేరుపడినదే. అంత మంచి రాయి మన పక్క జిల్లాలో దొరుకుతుంటే మనం వేసుకోకపోవడమేమిటని నేను గొప్పగా చెప్పుకొన్నాను కూడా. మా ఇంటావిడ మాత్రం మొదటిరోజే "ఏమండీ, అద్దంలా ఉన్నది, నా మొహం కనబడుతోంది. దీనిమీద తడికాలితో ఎట్లా దిగేది?" అన్నది. నేను నవ్వి ఊరుకొన్నాను.

పెళ్ళి వైభవంగా జరిగింది. ఫోటోలలో వాకిలి ఎంతో బాగా వచ్చింది.

శ్రావణమాసంలో ఒక శుక్రవారం తెల్లవారుజామున గడపకు పసుపు రాసి, నీళ్ళచెంబుతో వాకిట్లోకి దిగుతూ ఆమె ఆ పై మెట్టుమీద జారింది. నేను వెళ్ళేసరికి నేలమీద పక్కకు పడి ఉన్నది. కుడికాలు ఎడమకాలి కంటే కొంచెం పొట్టిగా, పాదం బయటి వైపుకు తిరిగి కనబడుతున్నది. అది తుంటి ఎముక విరిగినదనడానికి గుర్తు. ఎందరికో చెప్పినవాణ్ణి, ఆ క్షణంలో నాకు తోచలేదు. "కొంచెం నూనె వేడిచేసి తీసుకురండి" అని లోపలికి కేక వేశాను. ఎదురింటి కుర్రవాడు వచ్చి, "తాతగారూ, కదపొద్దు" అని నా చేయి పట్టుకొని ఆపి, అంబులెన్సుకు ఫోను చేశాడు. ఆ అబ్బాయికి ఈనాటికీ రుణపడి ఉన్నాను.

పాఠకులు ఈ ఒక్క విషయాన్ని గుర్తుంచుకొనవలెనని కోరుతున్నాను. వయసు మళ్ళినవారు, ముఖ్యంగా ముట్లుడిగిన స్త్రీలు, కిందపడి కాలు కదపలేకపోతే వారిని లేపి నిలబెట్టరాదు. మర్దనం చేయరాదు. కాపడం పెట్టరాదు. ఎలా ఉన్నవారిని అలాగే ఉంచి, కాలికి రెండు వైపులా దిండ్లు ఆనించి, ఎముకల వైద్యుని దగ్గరకు చేర్చవలెను. శస్త్రచికిత్స అవసరం కావచ్చును కనుక నోటితో ఏమీ ఇవ్వకుండా ఉండడం మంచిది. ఆయుర్వేదానికి చోటున్నది ఆ తరువాతనే.

ఆమెకు శస్త్రచికిత్స చేసి లోహపు కడ్డీ అమర్చారు. అప్పటికి ఆమె వయసు యాభై ఎనిమిది. నాలుగు నెలలపాటు వాకిట్లోకి దిగలేదు. గదిలో మంచంమీద నుంచి కిటికీ గుండా ఆ పలకలను చూస్తూ ఉండేది.

చరకుడు కోరిన ఇల్లు

ఆ రోజులలోనే చరక సంహితను మళ్ళీ తిరగవేస్తూ సూత్రస్థానంలోని 15వ అధ్యాయం దగ్గర ఆగిపోయాను. రోగిని ఉంచవలసిన ఇల్లు ఎట్లా ఉండవలెనో ఆచార్యుడు అక్కడ వివరిస్తాడు. గట్టిగా ఉండాలి, ఒక పక్క నుంచి గాలి రావాలి, పొగ, ఎండ, నీరు, దుమ్ము సోకకూడదు అంటూ చెప్పుకొని వస్తూ, సుఖంగా అటూ ఇటూ నడవడానికి వీలుగా ఉండాలని ఒక లక్షణం చెప్పాడు. విద్యార్థిగా ఉన్నప్పుడు ఆ మాటను నేను కంఠస్థం చేశానే గాని పట్టించుకోలేదు. ఇంటికి అందం ఏమిటని అడిగితే ఇప్పుడు నేను ఆ మాటనే ముందుగా చెబుతాను.

2014లో వాకిలిని మళ్ళీ తవ్వించాము. రెండు మెట్లు మళ్ళీ మూడైనాయి. మెట్టు ఎత్తు ఆరు అంగుళాలు, పాదం పూర్తిగా ఆనేటట్లు వెడల్పు పన్నెండు అంగుళాలు. అన్ని మెట్లూ ఒకే ఎత్తు ఉండడం చాలా అవసరం. కాలు మొదటి మెట్టును బట్టి రెండవదాని ఎత్తును అంచనా వేసుకొంటుంది, అంగుళం తేడా వచ్చినా తడబడుతుంది. రాయి మార్చి బేతంచెర్ల బండలు గరుకు వైపు పైకి వచ్చేటట్లు వేయించాము. నల్లరాయి మీద మోజు తీరనివారు గరుకుగా చెక్కించిన రకాన్ని అడిగి తీసుకొనవచ్చును, అదే రాయి, మెరుపు మాత్రమే ఉండదు. ప్రతి మెట్టు అంచున రెండంగుళాల మేర వేరే రంగు రాయి వేస్తే, కంట్లో శుక్లాలున్నవారికి కూడా మెట్టు ఎక్కడ ముగుస్తున్నదో తెలుస్తుంది.

మెట్లకు రెండు వైపులా మూడడుగుల ఎత్తున గుండ్రని కమ్మీలు పెట్టించాము. చక్రాల కుర్చీ ఎక్కేటట్లు ఏటవాలు దారి కూడా వేయించాలనుకొన్నాను గాని, అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు ఉంటేనే అది క్షేమకరం. మా మెట్ల మొత్తం ఎత్తు అడుగున్నర, అంటే పద్దెనిమిది అడుగుల దారి కావాలి. మాకంత చోటు లేదు. చోటు లేక నిటారుగా వేసిన ఏటవాలు దారి మెట్లకంటె ప్రమాదం, అట్టివి కొన్ని ఇళ్ళ ముందు స్కూటరు ఎక్కించడానికి కట్టినవి చూస్తూనే ఉన్నాము.

సిమెంటులో నడవడానికి నాలుగడుగుల బాట మాత్రం ఉంచి, మిగిలినది మట్టికే వదలివేశాము. వెయ్యి చదరపు అడుగుల డాబామీద ఒక్క సెంటీమీటరు వాన కురిస్తే సుమారు 930 లీటర్ల నీరు వస్తుంది. సిమెంటు ఉన్న సంవత్సరం ఆ నీరంతా గేటు కింద నుంచి మురుగుకాలువలోకి పోయేది. ఇప్పుడు గొట్టం ద్వారా గులకరాళ్ళు నింపిన ఇంకుడుగుంతలోకి పోతున్నది. వేసవిలో సాయంకాలాలు వాకిట్లో కూర్చుంటే ఒళ్ళు మునుపటిలాగా సెగలు కక్కడం లేదు.

ముందుగా తీసివేయవలసినవి

ఇంటి ముంగిట ఏ మొక్క ఉండాలనేదానికంటె ఏది ఉండకూడదనేది ముందు తేల్చుకోవాలి.

పచ్చగన్నేరు పూవు అందమైనదే, పూజకు పనికివస్తుంది. కాని దాని ఆకు, పాలు, గింజ, సమస్తమూ గుండెకు విషమే. ఎర్రగన్నేరు, తెల్లగన్నేరు కూడా అంతే. మన శాస్త్రం కరవీరాన్ని ఉపవిషాలలో చేర్చింది. జిల్లేడు, జెముడు, అడవినాభి, గురివింద, నల్లమందు, ఉమ్మెత్తలు దాని తోడివే. శుద్ధిచేసి వైద్యుడు వాడే సంగతి వేరు, గేటు పక్కన పిల్లలు ఆడుకొనేచోట అవి ఉండడం వేరు. పచ్చగన్నేరు కాయ పిల్లల చేతికి ఆటవస్తువులా ఉంటుంది. పొరపాటున నోట పెట్టుకొన్నారని తెలిస్తే గృహచికిత్సలు ఏవీ చేయక, వాంతి చేయించబోక, ఆ కాయనో ఆకునో చేత పట్టుకొని వెంటనే పెద్ద ఆసుపత్రికి వెళ్ళవలెను. లక్షణాలు కొన్ని గంటల తరువాత కనిపించవచ్చును గనుక, బిడ్డ ఆడుకొంటున్నాడు కదా అని ఆలస్యం చేయరాదు.

డైఫెన్‌బేకియా సంగతి నేను స్వయంగా చూశాను. తెలిసినవారి ఇంట రెండేళ్ళ పాప ఆ ఆకు కొరికింది. పెదవులు వాచి, నోటివెంట చొంగ కారుతూ, గొంతు పెగలక ఏడుస్తున్నది. ఆ ఆకులో కంటికి కనబడని సూదుల వంటి ఆక్జలేటు స్ఫటికాలు ఉంటాయి, అవి నాలుకలో గుచ్చుకొంటాయి. చేమదుంప ఆకు నోటిని దురదపెట్టేది కూడా ఈ సూదుల వలననే. తడిగుడ్డతో నోరు తుడిచి, చల్లని నీటితో కడిగి, ఆసుపత్రికి పంపించాను. మరునాటికి తేరుకొన్నది. ఇంటికి వచ్చిన వెంటనే మా తలుపు పక్కన ఉన్న నాలుగు కుండీలనూ నేనే ఖాళీ చేశాను. డ్యురాంటా కంచె పసుపుపచ్చని కాయలు కూడా పిల్లలకు మంచివి కావు.

వీధివైపు గోడ పక్కన తెల్లని చిన్నపూలతో తనంతట తానే మొలిచే వయ్యారిభామను పూత రాకముందే పీకివేయవలెను. చేతులకు తొడుగులు లేకుండా ముట్టరాదు. చర్మానికి దద్దుర్లు, కొందరికి ఉబ్బసం రావడానికి అది కారణమవుతున్నది. త్వరగా ఎదిగి గుబురుగా ఉంటుందని ఇళ్ళముందు, రోడ్లవెంట విరివిగా నాటిన కోనోకార్పస్‌ను గుజరాత్ ప్రభుత్వం 2023లో నిషేధించింది. దాని వేళ్ళు గొట్టాలలోకి చొచ్చుకుపోతాయని, పుప్పొడి శ్వాసకు మంచిది కాదని ఆరోపణలు ఉన్నాయి. ఉన్నదానిని ఏమి చేయాలనేది ఎవరి ఇష్టం వారిది, కొత్తగా నాటడం మాత్రం అనవసరం.

అశోకచెట్టు అని ప్రహరీ వెంబడి వరుసగా నాటే పొడుగాటి చెట్టు అశోకం కాదని కూడా ఈ సందర్భంలో చెప్పాలి. అది నరమామిడి. స్త్రీల వ్యాధులలో మనం వాడే అశోకం గుత్తులుగా నారింజ ఎరుపు రంగు పూలు పూస్తుంది. నరమామిడి బెరడు చెక్కి కషాయం కాచుకొన్న ఇల్లాలు ఒకరు "గుణం కనబడలేదండీ" అంటూ నా దగ్గరకు వచ్చారు. ఎట్లా కనబడుతుంది?

వైద్యశాల వంటి కంచె

మా ఇంటి ముందు ఇప్పుడు ఒక వైపు గోరింట, రెండవ వైపు అడ్డసరం కంచెలుగా ఉన్నాయి. అడ్డసరం ఆకు చేదు గనుక మేకలు ముట్టవు, కొమ్మ గుచ్చితే బతుకుతుంది, నెలకొకసారి కత్తిరిస్తే పచ్చని గోడలా నిలుస్తుంది, తెల్లని పూలు పూస్తుంది. దగ్గుకు, కఫానికి మన వైద్యంలో దీనికి సాటి కొద్ది. ఆకులను ఆవిరిపై మెత్తబరచి పిండితే రసం వస్తుంది. పెద్దలు ఒక చెంచా రసానికి అంతే తేనె కలిపి రోజుకు రెండుసార్లు మూడు నాలుగు రోజులు తీసుకొనవచ్చును. గర్భిణులు ఎంతమాత్రం వాడరాదు. ఏడాది లోపు బిడ్డలకు తేనె ఏ రూపంలోనూ ఇవ్వరాదు. దగ్గు రెండు వారాలకు మించితే కఫ పరీక్ష చేయించుకొనవలసిందే, క్షయను అడ్డసరంతో దాచిపెట్టుకోకూడదు.

గోరింటాకు గురించి మన ఇల్లాళ్ళకు నేను చెప్పవలసిన పని లేదు. పది నిమిషాలలో నల్లగా పండుతుందని అంగడిలో అమ్మే నల్ల గోరింటలో జుట్టు రంగుకు వాడే రసాయనం కలుపుతారు, దానివలన బొబ్బలు లేచిన పిల్లలను చూశాను. కంచెలో ఆకు కోసుకొని నూరుకొనేవారికి ఆ బాధ లేదు.

ప్రహరీ గోడమీద నల్లేరు పాకించాము. దీనికి కారణం చెప్పనక్కరలేదు. సంస్కృతంలో దాని పేరే అస్థిసంహారకం, ఎముకలను కలిపేది అని అర్థం. మా ఇంటావిడకు విరిగిన ఎముక అతికినది శస్త్రచికిత్స వలననే, నల్లేరు వలన అని నేను చెప్పను. కాని ఆ తరువాత వారానికి రెండుసార్లు నల్లేరు పచ్చడి మా భోజనంలో చేరింది. లేత కణుపులను మాత్రమే తీసుకొని, చేతులకు నూనె రాసుకొని, అంచుల నార తీసి, ముక్కలను నూనెలో బాగా వేయించి, చింతపండు, ఎండుమిరప, మినపపప్పు చేర్చి రుబ్బుకోవాలి. సరిగ్గా వేగకపోతే, పులుపు తగ్గితే గొంతు దురదపెడుతుంది. మొదటిసారి నేనే చేశాను, ఇద్దరమూ సాయంకాలం దాకా మజ్జిగ తాగాము.

తిప్పతీగను కూడా గోడమీదకు పాకించవచ్చును. అయితే 2020, 2021 సంవత్సరాలలో కోవిడ్ భయంతో రోజూ తిప్పతీగ కషాయం తాగినవారిలో కొందరికి కాలేయం దెబ్బతిన్నదని ముంబయి వైద్యులు ప్రకటించారు. దానిపై వాదోపవాదాలు జరిగాయి. ఒకే జాతిలోని వేరు తీగను పొరపాటున వాడడం జరిగి ఉండవచ్చునని కొందరన్నారు. నా మాట ఏమంటే, తీగ మన గోడమీద ఉన్నంతమాత్రాన నెలల తరబడి తాగడానికి అనుమతి దొరికినట్లు కాదు.

గేటు దగ్గర గన్నేరు ఉన్నచోట ఇప్పుడు పారిజాతం ఉన్నది. తెల్లవారేసరికి నేలంతా పూలు పరుస్తుంది, నాలుగు చినుకులు పడితే వీధి చివరిదాకా పరిమళం. నడుము నుంచి కాలిలోకి లాగే గృధ్రసీ వాతానికి దీని ఆకు కషాయాన్ని మన గ్రంథాలు చెప్పాయి. ఆకు గరుకుగా ఉంటుంది, చేదు భరించరానిది, మోతాదు వైద్యుని అడిగి తెలుసుకోవడం మంచిది. బాటవెంట నిమ్మగడ్డి దుబ్బులు, కిటికీ కింద మందార వేశాము. మందార ఆకులను నలిపి తీసిన జిగురుతో తలరుద్దుకొంటే జుట్టు మెత్తగా ఉంటుంది.

తులసికోట, దోమల సంగతి

తులసికోటను మూల నుంచి తెచ్చి మళ్ళీ వాకిలి మధ్యలో నిలిపాము. తులసి మాటిమాటికీ ఎండిపోతున్నదని, ఇంటికి అరిష్టమేమోనని భయపడేవారు ఉన్నారు. అరిష్టం కాదు. రోజుకు ఐదారు గంటల ఎండ లేకపోవడం, కోట అడుగున నీరు పోయే రంధ్రం మూసుకొనిపోవడం, మొదట్లో పాలు, నూనె, కుంకుమ నీళ్ళు పోయడం, దీపాన్ని కాండానికి ఆనించి పెట్టడం, వెన్నులను తుంచకపోవడం, ఇవే కారణాలు. వెన్నులు ముదిరి గింజకట్టితే మొక్క తన పని ముగిసిందనుకొంటుంది. వాటిని తుంచుతూ ఉంటే గుబురుగా పెరుగుతుంది. దీపాన్ని కోటగూటిలో పెట్టండి. పది ఆకులు, రెండు మిరియాలు, చిన్న అల్లంముక్క గ్లాసు నీళ్ళలో సగానికి మరిగించి తాగితే జలుబుకు హాయిగా ఉంటుందని మీకు తెలిసినదే.

తులసి ఉన్న ఇంట దోమలుండవని అంటారు. తులసికోటకు నాలుగడుగుల దూరంలో దోమలు గుడ్లు పెట్టడం నేను చూశాను. డెంగ్యూను వ్యాపింపజేసే ఏడిస్ దోమ మురుగునీటిని కోరదు, కుండీ కింది పళ్ళెం, పక్షులకు పెట్టిన మూకుడు, వాడని రోలు, పూజకు ఉంచిన ఇత్తడి గంగాళంలో పూలు తేలవేసిన నీరు వంటి శుభ్రమైన నీటిలో గుడ్లు పెడుతుంది. పగటిపూటనే కుడుతుంది. గుడ్డు దోమ కావడానికి వారం పది రోజులు పడుతుంది. గుడ్లు పాత్ర గోడకు అతుక్కొని నీరు లేకున్నా నెలల తరబడి బతికి ఉంటాయి. కనుక నీరు పారబోస్తే చాలదు. వారానికొక రోజు కొబ్బరిపీచుతో లోపలి గోడలను రుద్ది కడగాలి. మా ఇంట శుక్రవారం ఆ పని జరుగుతుంది. కుండీ పళ్ళేలను మాత్రం ఇసుకతో నింపివేశాము. ద్వారం దగ్గర గంగాళంలో పూలు తేలవేయడం ఇటీవల అందంగా భావిస్తున్నారు. పండుగ రోజున పెట్టి రాత్రికి ఒంపివేసేటట్లయితే నాకు అభ్యంతరం లేదు.

ముగ్గు, గడప

పసుపు రాసిన గడప, మామిడాకుల తోరణం, బియ్యపు పిండి ముగ్గు, వీటికంటె ఖర్చు తక్కువ అలంకారం మరొకటి లేదు. ముగ్గురాయి పొడి వాడేవారు దానిని జల్లించేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకోవాలి, ఉబ్బసం ఉన్న పిల్లలను దూరంగా ఉంచాలి. గడపకు విడిగా అమ్మే పూజ పసుపును వంటలో ఎప్పుడూ వాడరాదు. కల్లాపి చల్లిన నేల మట్టి వాకిలికి ఎంతో అందం, దుమ్ము లేవదు. పేడలోను, మట్టిలోను ధనుర్వాత క్రిములు ఉంటాయి కనుక చేతికి, కాలికి గాయం ఉన్నవారు ఆ పని చేయకూడదు. పలకల మీద కల్లాపి వేస్తే జారుడు తప్ప లాభం లేదు.

గడప ఎత్తు గురించి వాస్తు పండితులతో నేను వాదించను. ఎత్తు ఎంతైనా సరే, దానిమీద వెలుగు పడాలి. తలుపు పైన, మెట్ల పక్కన పసుపు కాంతి గల దీపాలు పెట్టించుకొంటే తెల్లని కాంతికి వచ్చినన్ని పురుగులు రావు. మెట్ల అడుగున చెప్పులు వదలడం మా ఇంట ఇప్పుడు నిషిద్ధం, పక్కన చెక్క బల్ల ఉన్నది, దానిమీద కూర్చొని చెప్పులు విడిచే వీలున్నది. ద్వారం ముందు వేసే పీచు చాప అంచులు లేచిపోతే వెంటనే మార్చాలి. మా వీధిలోనే ఒక పెద్దాయన అటువంటి చాప తగిలి పడ్డాడు.

నందివర్ధనం

కొట్టివేసిన నందివర్ధనాన్ని గురించి మా ఇంటావిడ నన్ను ఒక్క మాట కూడా అనలేదు. 2014 తొలకరిలో కర్ర ఊతగా మొదటిసారి వీధిలోకి నడిచిననాడు, నేరుగా ఎదురింటికి వెళ్ళింది. పూర్వం ఎప్పుడో మన చెట్టు నుంచి కొమ్మ తీసుకొనివెళ్ళి నాటుకొన్నారట. ఆ సంగతి నాకు తెలియదు. పెన్సిలంత లావున జానెడు కొమ్మ తెచ్చి, కింది ఆకులు దూసి, ఇసుక కలిపిన మట్టిలో గుచ్చింది. నెల తిరిగేసరికి చిగురు వేసింది.

ఇప్పుడది ప్రహరీని దాటి పెరిగింది. కళ్ళు మండుతున్నప్పుడు ఆ పూలను చల్లని నీళ్ళలో వేసి తీసి, మూసిన రెప్పల మీద పదినిమిషాలు ఉంచుకొంటే ఉపశమనంగా ఉంటుంది. కొమ్మ తుంచితే వచ్చే పాలు మాత్రం కంటిలో పడకుండా జాగ్రత్త పడాలి, పూలు కోశాక చేతులు కడుక్కోవాలి.

ఆకులు రాలుతూనే ఉంటాయి. ఉదయం ఆమె ఎడమచేత్తో కమ్మీ పట్టుకొని మూడు మెట్లూ దిగి, కుడిచేతిలో సజ్జతో పూలు కోసుకొనే లోపల ఆ ఆకులను నేను ఊడుస్తాను. తొలకరి పడగానే కొమ్మలు కత్తిరిస్తాము, అడిగినవారికి ఇస్తాము.